పేము కుర్చీకి దండం

చండీగఢ్ కుర్చీ! రామన్నపేట నుంచి నీకు దండం. నిన్ను బొమ్మల్లోనే చూశాను. అయినా పరాయిదానివి అనిపించలేదు. మా సిరిపురం, వెల్లంకి మగ్గాల మీద పడుగూ పేకా పెనవేసుకున్నట్టే నీ ఒడిలో పేము బద్దలు పెనవేసుకున్నాయి.

దేశ విభజనతో లాహోరు సరిహద్దు అవతలికి పోయి, పంజాబు రాజధాని లేనిదైంది. 1951లో ఆర్కిటెక్టు లె కార్బూజియే కొత్త రాజధాని చండీగఢ్‌కు గీత గీశాడు. ఆయన దాయాది పియెర్ జన్నెరె అక్కడే ఉండి కట్టించాడు. ఊరంటే గోడలేనా? గుమస్తాకు కుర్చీ, పుస్తకానికి బల్ల, ఫైలుకు అర కూడా కావాలి. యూలీ చౌదరి వంటి మన ఆర్కిటెక్టులూ జన్నెరెతో కలిసి వాటిని గీశారు. వడ్రంగుల చేతులు టేకును చిత్రిక పట్టాయి.

నీకు సింహం తలలు లేవు, చెక్కిన లతలు లేవు. కంపాసు విప్పి నిలబెట్టినట్టు కాళ్ళు. వీపుకు గాలి ఆడేలా పేము కన్నాలు. ఎండలెరిగిన చేతుల పనితనం నీది!

ఆ 1951లోనే, అక్టోబరులో, మా దిక్కు తెలంగాణ సాయుధ పోరాటం ఆగింది. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నిలబడ్డ తాతల నేల ఇది. కుర్చీ అంటే దొర. అలాంటి కుర్చీని నువ్వు గుమస్తాకిచ్చావు, విద్యార్థికిచ్చావు.

కాలం గడిచి పేము తెగింది. నిన్ను మిద్దెల మీద గుట్టలు పోశారు, పాత సామాన్ల వేలంలో అమ్మేశారు. పరదేశపు వ్యాపారులు ఏరుకుపోయి, కొత్త పేము అల్లించి, మెరుగు పెట్టి లక్షలకు అమ్మారు. స్టాకు రిజిస్టరు కోసం ఏ గుమస్తానో నీ చెక్క మీద వేయించిన నంబరే ఇప్పుడు నీ వంశవృక్షం. 2011లో కేంద్రం అమ్మకాలు వద్దంది. అప్పటికే ఎన్నో కుర్చీలు సముద్రాలు దాటిపోయాయి.

జన్నెరె మాత్రం మళ్ళీ వచ్చాడు. 1965లో జబ్బుతో వెళ్ళి, 1967లో కన్నుమూసిన మనిషి, తన కోరిక ప్రకారం చితాభస్మమై చండీగఢ్‌లోని సుఖ్నా చెరువులో కలిశాడు.

ఏ అద్దాల మేడలో, ఏ దీపాల కింద నిన్ను నిలబెట్టినా, నీ చేతులు ముందుకే చాచి ఉంటాయి. వచ్చినవాడి కులం అడగవు, కొలువు అడగవు. మా అవ్వలా ఒక్కటే అంటావు: “నిలబడ్డవేంది బిడ్డా? కూసో.”