కానీను లిరువురు: భారతమునందలి యొక యింటిగుట్టు

కౌమారవయస్కులైన పఠితల నుద్దేశించి నేడు వెలువడు నవలలయందు రెండు వస్తువులు తఱచుగా కానవచ్చుచున్నవి. ఒకటి పెద్దలు దాచిన యింటిగుట్టు. రెండవది తరతరములుగా వచ్చు కులాభిమానము, తన్మూలమైన తిరస్కారము. ఈ కథాసరణి పశ్చిమదేశములనుండి వచ్చినదని కొందఱి యభిప్రాయము. అది విచారణీయము. భారతమునందలి కర్ణవృత్తాంతమును శ్రద్ధతో చదివినచో నీ రెండు వస్తువులును విడదీయరానివై యల్లుకొనియుండుట స్పష్టమగును. తిరస్కారమునకు వెఱచి గుట్టు పుట్టినది. గుట్టువలన తిరస్కారము బలపడినది. ఈ యన్యోన్యాశ్రయమును నిరూపించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట శబ్దవిచారము. కన్యకు పుట్టినవాడు కానీనుడు. అపత్యార్థమున కన్యాశబ్దమునకు అణ్ ప్రత్యయమును, ‘కనీన’ యను నాదేశమును పాణిని చతుర్థాధ్యాయమున (4-1-116) విధించెను. దీనికి కాశికావృత్తియం దీయబడిన యుదాహరణములు రెండు: కర్ణుడు, వ్యాసుడు. వైయాకరణుని దృష్టిలో నీ యిరువురకు నణుమాత్రమును భేదము లేదు. ప్రకృతి యొకటి, ప్రత్యయ మొకటి, అర్థ మొకటి. అయినను ఒకడు వేదవిభాగకర్త యై కురువంశమును నిలిపెను. వేఱొకడు సూతపుత్రు డనిపించుకొని సభలో తలవంచుకొనెను. జన్మ మొకటియే యైనపుడు ఫలభేదమునకు జన్మము హేతువు కాజాలదు. హేతువును మఱొకచోట వెదకవలెను.

విచిత్రవీర్యుడు సంతానహీనుడై మరణించినపుడు, తన కన్యాత్వమున వ్యాసుడు పుట్టిన సంగతిని సత్యవతి భీష్మునితో తానే చెప్పెను. భీష్ముడు నిందింపలేదు, ఆ మహర్షి పేరు వినినంతనే చేతులు మోడ్చెను. సత్యవతికి మనుమని భార్యయైన కుంతికిని అట్టి సమయమే వచ్చినది. పాండురాజు సంతానమునకై యామెను వేడుచు, శాస్త్రములు చెప్పిన పుత్రభేదములను లెక్కించునపుడు, సంస్కృతమూలమున కానీనుని పేరును కూడ చెప్పుచున్నాడు. ఆ మాట యామె చెవిని పడినది. దుర్వాసు డిచ్చిన మంత్రమును గూర్చి యామె చెప్పినదే కాని, దానిని మున్నొకమాఱు పరీక్షించిన సంగతి చెప్పలేదు.

“సత్యవతి చెప్పగలిగినదానిని కుంతి యేల చెప్పలేదు? దోష మామెదియే గదా” యని పూర్వపక్షము. దీనికి సమాధానము. చెప్పునాటికి సత్యవతి రాజమాత, కుమారుడు లోకపూజ్యుడు. దాచునాటికి కుంతి పెంపుడింటి బాలిక. శూరుడు తన కూతును కుంతిభోజున కిచ్చివేసెను. చేత బంతి పట్టి యాడుకొను వయస్సున తండ్రి తన్ను పరుల కిచ్చెనని యామె యుద్యోగపర్వమున శ్రీకృష్ణునితో మొఱపెట్టుకొనుచున్నది. కన్నవాడు విడిచిన బాలిక, తాను కన్న శిశువును పెట్టెయందుంచి యేటిలో విడిచెను. ఒక తరమున జరిగినదియే వేఱు రూపమున మఱుతరమునను జరిగినది.

ఇక తిరస్కారము. కుమారాస్త్రవిద్యాప్రదర్శనమున కర్ణు డర్జునుని ద్వంద్వమునకు పిలువగా, కృపాచార్యుడు వాని కులమును, తల్లిదండ్రులను చెప్పుమనెను. అడిగిన కృపుడు రెల్లుదుబ్బున పుట్టినవాడు. విలువిద్య నేర్పిన ద్రోణుడు కలశమున పుట్టినవాడు. దుర్యోధనుడు దీనినే యెత్తిచూపి, శూరుల పుట్టువును నదుల పుట్టువును ఎఱుగ శక్యము కాదనెను. భీముడు కొరడా పట్టుమని కర్ణుని గేలిచేసెను. గేలిచేసినవాడు తమ్ముడు, గేలికి గుఱియైనవా డన్న. ఆ సంగతి యెఱిగిన తల్లి మూర్ఛిల్లెనే కాని నోరు విప్పలేదు. సభ యంతయు కులమునే యడుగుచుండగా నెట్లు విప్పగలదు? కృపుని ప్రశ్న కర్ణుని నోటితోపాటు కుంతి నోటిని కూడ మూసినది.

గుట్టు ఒక తరముతో నాగదు. సూతుడనిన నస్త్రము దొరకదని కర్ణుడు బ్రాహ్మణుడనని చెప్పి పరశురాముని చేరెను. తల్లి వాని నిజజన్మమును దాచెను. వాడు తాను నిజమని నమ్మిన జన్మమును దాచెను. ఫలము శాపము. తుదకు శ్రీకృష్ణుడు, కానీనుడును ధర్మశాస్త్రరీత్యా పాండుపుత్రుడే యని చెప్పి రాజ్య మీయబూనెను. పాండురాజు నోట కుంతి విని యూరకున్న శబ్దమే యిది. కర్ణుని చెవి సోకుసరికి కాలము మించినది. రాధ చన్నిచ్చి పెంచుటను తలచి యతడు రాధేయుడుగనే నిలిచెను. రాధేయ కౌంతేయ శబ్దములు రెండింటను ఢక్ ప్రత్యయమే. కన్నతల్లికిని పెంచినతల్లికిని వ్యాకరణము భేదము చూపదు. ధర్మరాజున కీ సంగతి తెలుపవలదని కర్ణుడే కోరుటచే గుట్టు మరల గుట్టుగనే మిగిలెను. తెలుగున కృపుని ప్రశ్నను 11వ శతాబ్దమున నన్నయయు, గుట్టు విడిన ఘట్టమును 13వ శతాబ్దమున తిక్కనయు రచించిరి.

ఇంతమాత్రమున ద్రౌపదియెడ కర్ణుడు సభలో నాడిన మాటలు క్షమ్యములు కావు. తిరస్కారము ననుభవించినవాడు వేఱొకరిని తిరస్కరింపడను నియమము లేదని యా ఘట్టమే తెలుపుచున్నది.

యుద్ధానంతరము తర్పణవేళ కుంతి నిజము చెప్పగా, స్త్రీలకు రహస్యము నిలువకుండుగాక యని ధర్మజుడు శపించెను. అతని దుఃఖము యథార్థము. తీర్పు మాత్ర మసమగ్రము. అతడు దాచిన తల్లిని చూచెనే కాని, దాచించిన ప్రశ్నను చూడలేదు.

పుట్టుకను దాచక చాటు సంప్రదాయమును మనకు కలదు. మా సిద్దిపేట జిల్లాయందలి చేర్యాలలో నకాషీలు వ్రాయు పటములను చూపుచు ఆశ్రితకులములవారు తమ పోషకుల కులపురాణములను గానము చేయుదురు. డక్కలివారు మాదిగలకు చెప్పు జాంబపురాణము అందొకటి. లోకము తక్కువగా చూచిన కులము తన మూలమును నలుగురిలో వినుచున్నది. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలలో (2000) రూతు జ్ఞాపకముల ద్వారా కొన్ని తరముల కథ వెలికివచ్చుటయు నీ మార్గముననే యని నా తలంపు.

పాఠశాలలలో కర్ణకథను దానగుణమునకో, దుష్టసాంగత్యమునకో దృష్టాంతముగా చెప్పి ముగించుట పరిపాటి. పదునాలుగేండ్ల బాలబాలికలకు కర్ణుని దానముకంటె కృపుని ప్రశ్నయే యెక్కువ పరిచితము. ఆ ప్రశ్న వారిలో ననేకుల నేదో యొకనా డడుగబడియే యుండును. కావున నుపాధ్యాయులు పాఠమును అచ్చటనే యారంభించి, అడిగిన కృపుని పుట్టువును ముందుగా చెప్పుట యుక్తమని నా మనవి.