నియంత్రణ రేఖలు ఎవరివి?

అమీర్‌పేటనుండి పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రివరకు నడచినవారికి రెండు రకముల బోర్డులు తరచుగా కనిపించును: కంప్యూటరు శిక్షణాలయములవి, రక్తపరీక్షా కేంద్రములవి. ఈ రెండు విద్యలును ఒకే యంత్రములో కలిసినచోట జరుగుచున్న ఒక పొరపాటును గూర్చి ఇక్కడ వ్రాయుచున్నాను.

రక్తములోని చక్కెర మొదలగువానిని కొలుచు యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు, విలువ ముందే తెలిసిన ద్రవమునొకదానిని ప్రతిదినము దానిచేత కొలిపింతురు. దానిని కంట్రోలు అందురు. దాని సగటు విలువ, ప్రమాణ విచలనము సీసాతో వచ్చు కాగితముపై ఉండును. పూర్వము వీనిని చేతితో యంత్రములో ఎక్కించెడివారు. నలువది పరీక్షలు, రెండు స్థాయిలు అనుకొన్నచో, కొత్త లాటు వచ్చినప్పుడెల్ల 160 సంఖ్యలు! ఒక్క దశాంశ బిందువు జారిన చాలును. నేడు తయారీదారు పంపు ఫైలునో బార్‌కోడునో యంత్రమే చదువుకొనుచున్నది. ఇది మేలైన మార్పే.

నా ఆక్షేపణ ఆ ఫైలులోని హద్దులను గూర్చి. అవి పెక్కు ప్రయోగశాలలలో, పెక్కు యంత్రములపై కొలిచి కూర్చినవి. కనుక విశాలముగా ఉండును. షూహార్ట్ 1924లో పరిశ్రమలకొరకు కల్పించిన నియంత్రణ పటమును లీవీ, జెన్నింగ్స్ అనువారు 1950లో వైద్య ప్రయోగశాలకు తెచ్చిరి. ఆ పటములోని గీతలు ఏ ప్రయోగశాలకు ఆ ప్రయోగశాల కొలతలనుండి పుట్టవలసినవి.

ఉదాహరణకు, ఫైలులో చక్కెర సగటు 100 మిల్లీగ్రాములు, విచలనము 8 అనుకొందము. మన యంత్రముపై సగటు 97, విచలనము 2. నేడు కంట్రోలు 104 చూపినది. ఫైలు లెక్కలో ఇది నిర్దోషము, తెరపై పచ్చగుర్తు. మన లెక్కలో సగటుకు మూడున్నర విచలనముల దూరము. 1981లో వెస్ట్‌గార్డ్ ప్రకటించిన నియమముల ప్రకారము పరీక్షలు ఆపవలెను. ఆపనిచో ఉపవాస చక్కెర 120 గల మనిషికి సుమారు 128 అని కాగితము వెళ్లును. మధుమేహపు గీత 126.

ఈ ప్రాంతపు ప్రయోగశాల ఒకదానిలో నెలల పటము చూపించిరి. చుక్కలన్నియు మధ్యరేఖను అంటిపెట్టుకొని ఉన్నవి. "ఒక్కటీ బయటికి పోలేదు సార్!" అని సంతోషించిరి. నాకు దిగులు కలిగినది. సరియైన గీతలైనచో ఇరువది చుక్కలలో ఇంచుమించు ఒకటి రెండు విచలనములు దాటవలెను గదా!

ఫైలును లాటు సంఖ్య, గడువు తేదీలకొరకును, తాత్కాలిక హద్దులకొరకును వాడుకొనవచ్చును. పాత లాటుతోపాటు కొత్తదానిని సుమారు ఇరువది దినములు కొలిచి, సొంత సగటు, విచలనములు వచ్చినపిదప వానినే నిలుపవలెను. ఇందుకు పాత సీసాలు ముగియుటకు నెల ముందే కొత్తవి తెప్పించుకొనవలసియుండును.