బెత్తమూ, ర్యాంకూ

‘ఇస్కూలు పుస్తకం’, ‘చదువులా? చావులా?’ – నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పెట్టిన ఈ పేర్లలోనే సగం విమర్శ ఉంది. చిత్తూరు పల్లె పిల్లవాడి నోట ‘స్కూలు’ ‘ఇస్కూలు’ అవుతుంది. దాన్ని తప్పని దిద్దే చేయి వాడి వీపును దిద్దడానికీ వెనుకాడదు. తెలుగు వాచకం చెప్పే నేనూ ఆ పని చేశాను. ‘ఇంట్లో మాట్లాడినట్టే రాస్తావా?’ అని ఒక పిల్లవాడి అరచేతి మీద కొట్టినప్పుడు భాషను కాపాడుతున్నాననుకున్నాను. ఏ వర్గం భాషను, ఏ జిల్లాల భాషను కాపాడానో నామినిని చదివాక గాని తట్టలేదు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. ఇంటర్ విద్యార్థి దాని గడప బయటే నిలబడ్డాడు. బెత్తాన్ని నిషేధించినవారు ర్యాంకు జోలికి పోలేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నామిని రెండో పుస్తకం పేరు అతిశయోక్తి అన్నవారు ఇప్పుడేమంటారు?

అయితే ఆయనతో నాకొక పేచీ ఉంది. ఆయన కోపం తల్లిదండ్రుల ఆశ మీదే ఎక్కువగా విరుచుకుపడుతుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా అప్పుచేసి హాస్టలు ఫీజు కట్టే రైతుది దురాశ కాదు, భయం. చేను ఇక కూడు పెట్టదన్న భయం. దాన్ని సరుకు చేసి అమ్ముకుంటున్న వాళ్ల కథ మనం ఇంకా బలంగా రాయలేదు. మధురాంతకం రాజారాం మొదలుకొని ఇంతమంది బడిపంతుళ్లు కథకులైన ఈ జిల్లాలో, కొట్టిన పంతులే నోరు విప్పి చెప్పే కథ కూడా నా కంటబడలేదు.