రొంటిన దోపిన సంచి

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాతతరం పెద్దాయన అరుగు మీద కూర్చోగానే రొంటినున్న సంచి తీసేవాడు. నాలుగైదు అరల గుడ్డ సంచి, దారం లాగితే మూతి బిగుసుకుంటుంది. ఒక అరలో ఆకులు, ఒకదాంట్లో వక్కలు, ఇంకోదాంట్లో పొగాకు, సున్నపు డబ్బీ, అడకత్తెర. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన సీమ ఇది, గుడ్డముక్కకు కరువేముంది? చూడాల్సిన పనితనం మాత్రం ఆ సంచిలోని లోహపు సామానులో ఉంది.

అడకత్తెర చేతికిస్తే అందరూ దాని మీది చిలకల్నీ గుర్రాల్నీ చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది చీల. రెండు రెక్కల్నీ కలిపే ఆ చీల వదులైతే కత్తి పక్కకు జారి వక్క చితుకుతుంది గానీ తెగదు. మరీ బిగిస్తే ముసలి వేళ్లకు లొంగదు. పిడి ఇత్తడిదైనా కత్తి ఉక్కుదే కావాలి, ఇత్తడికి పదును నిలవదు. వక్క దొర్లిపోకుండా కింది రెక్క కాస్త వెడల్పుగా ఉండాలి. ఈ లెక్కలన్నీ కుదిరాకే చిలకకు ముక్కూ, గుర్రానికి మెడా.

సున్నపు డబ్బీకి పరీక్ష మూత దగ్గరే. గాలి చొరబడితే సున్నం ఎండి సుద్దవుతుంది, ఆకుకు రాసినా నోరు పండదు. అందుకే మంచి డబ్బీ మూత బిర్రుగా కూర్చుంటుంది.

ఇదే బిర్రు జపాన్‌లో మరో అలవాటుకు పనికొచ్చింది. పదహారో శతాబ్దం చివర్లో యూరప్ వాళ్లతో అక్కడికి పొగాకు వచ్చింది. కిమోనోకు జేబులుండవు కాబట్టి కిసేరు అనే సన్నటి పొగగొట్టాన్ని ఒరలో పెట్టి, పొగాకు తిత్తితో కలిపి నడికట్టుకు వేలాడదీసుకునేవారు. ఒరల్లో ఒక రకం ముసోజుట్సు: ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం జారి బిగుసుకుంటుంది. వెదురుతోనూ కర్రతోనూ చేసేవారు గానీ, ఇప్పుడు పోగుచేసేవాళ్లు ఎగబడేది దుప్పికొమ్ము ఒరల కోసం. కొమ్ము పైపొర దంతంలా నునుపు, లోపల మాత్రం అంతా బెజ్జాలే. మామూలు పనివాడు ఆ బెజ్జాల భాగాన్ని తీసి పారేస్తాడు. పందొమ్మిదో శతాబ్దంలో టోక్యోలోని అసకుసాలో పనిచేసిన ఓజాకి కొకుసాయ్ దాన్ని దాచలేదు, కొమ్ము తత్వాన్నే బొమ్మలో కలిపేశాడు.

తర్వాత సిగరెట్లొచ్చాయి, జేబుల కోట్లొచ్చాయి. అప్పటి విదేశీ కొనుగోలుదారులు తిత్తినీ ఒరనూ వదిలేసి, తాడు చివరి చిన్న బొమ్మ నెట్సుకేని మాత్రం ఎగరేసుకుపోయారు. ఒక్క జట్టు సామాను ముక్కలై తలో దిక్కూ పోయింది. మనదీ అదే కథ. సామ్యుయేల్ ఐలెన్‌బర్గ్ అనే గణితవేత్త ఆసియా దేశాల అడకత్తెరలు పోగుచేశాడు, వాటి మీద హెన్రీ బ్రౌన్‌రిగ్ పుస్తకమే రాశాడు. పుణెలో రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలోనూ అడకత్తెరలున్నాయి. ఇంత గౌరవం దక్కని సంచి మాత్రం మన ఇళ్లలో చీకి చినిగిపోయింది. ఇత్తడి సామాను పాతసామాన్లవాడి తక్కెడలో పడి స్టీలు గిన్నెగా తిరిగొచ్చింది. సామానును మెచ్చుకున్నంత మాత్రాన అలవాటును వెనకేసుకొస్తున్నట్టు కాదు. వక్క కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

పాత అడకత్తెర కొనాలనుకునేవాళ్లకు గుర్తు ఒకటుంది. ఏళ్ల తరబడి వాడినదాని కత్తి నూరి నూరి మధ్యలో లోపలికి అరిగి ఉంటుంది, బొటనవేలు ఆనేచోట నగిషీ చెరిగి ఉంటుంది. నగిషీ అంతా కొత్తగా మెరుస్తూ కత్తి మొద్దుగా ఉంటే అది షోకేసు కోసం పోసిన సరుకు. ఇంట్లోనే దొరికితే చింతపండుతో తెగ తోమకండి. సంచీ, డబ్బీ, అడకత్తెరా ఏదీ విడదీయకుండా, ఎవరిదో, ఏ ఊరిదో చీటీ మీద రాసి లోపల పెట్టండి.