ఫాస్ఫేటు లెక్క

జాదవ్‌పూరులోని మా ప్రయోగశాలలో గాజుపాత్రలు కడుగు పెద్దాయనను చిన్నా పెద్దా అందఱును ‘దాదా’ యనియే పిలుతురు. ఆయన యేలుబడిలో సబ్బునకు ప్రవేశము లేదు. బజారు సబ్బుపొడులలో ఫాస్ఫేటు ఉండుట కలదు గనుక, అట్టిదానితో తోమిన నాళికను ఆమ్లమునను, పిమ్మట స్వేదితజలమునను తనివితీర కడుగనిచో, శూన్యమును చూపవలసిన నాళిక సైతము నీలమై కూర్చుండును.

ఆ నీలిమ మన తెలుగువాని సొత్తు. 1925లో హార్వర్డున సైరస్ ఫిస్కుతో కూడి, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ప్రకటించిన పద్ధతిలో, ఆమ్లమునందు మాలిబ్డేటుతో కలిసిన ఫాస్ఫేటు క్షయకరణముచే నీలవర్ణము దాల్చును. రంగు ఎంత చిక్కనో ఫాస్ఫేటు అంత.

మన రక్షకదళమైన టీ-కణము మేల్కొనుటయు ఈ ఫాస్ఫేటు రాకపోకలపైననే ఆధారపడి యున్నది. గ్రాహకము పరాయి తునుకను గుర్తించినంతనే ఎల్‌సీకే యను ఎంజైము ఏటీపీనుండి ఫాస్ఫేటును తెచ్చి, గ్రాహకసముదాయపు లోపలి తోకలయందలి టైరోసీనులకు తగిలించును. ఆ ఆనవాలు పట్టుకొని జాప్-70 వచ్చి చేరును. అయినను ఆ ఎల్‌సీకే తోకకే సీఎస్‌కే యను మఱొక ఎంజైము ఫాస్ఫేటు తగిలించినచో అది ముడుచుకొని మిన్నకుండును, సీడీ45 దానిని తీసివేసినపుడు గాని లేవదు. చేర్చుట మేలుకొలుపనియు, తీయుట జోలపాటయనియు వల్లించి వచ్చిన విద్యార్థి ఇచ్చట తెల్లబోవును. నాకు మాత్రము ఆ తెల్లబోవుటయే ముచ్చట.

కాల్సిన్యూరిన్ అను ఎంజైము కథయు నట్టిదే. కణములో కాల్షియము పెరిగినపుడు ఆ ఎంజైము ఎన్‌ఫ్యాట్ అను ప్రోటీనునుండి ఫాస్ఫేటులను ఊడదీయగా, ఆ ప్రోటీను కేంద్రకమును చేరి ఇంటర్‌ల్యూకిన్-2 జన్యువును పలికించును. మూత్రపిండమార్పిడి జరిగినవారు మ్రింగు సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌లు అడ్డగించునది ఈ ఎంజైమునే.

దీని పనిని కొలుచుటకు నేడు మాలిబ్డేటుతో పాటు మాలకైట్ గ్రీన్ అను రంగును వాడుదురు. అది మిక్కిలి స్వల్పమైన ఫాస్ఫేటును సైతము పసిగట్టును. కనుకనే కణములను అలవాటైన ఫాస్ఫేటు లవణద్రావణమున గాక ట్రిస్ ద్రావణమున కడిగి, పగులగొట్టి, రసమునందు సహజముగ నున్న ఫాస్ఫేటును జల్లెడస్తంభముపై వదలించుకొనవలెను. ఇతర ఫాస్ఫటేజులు కొన్ని ఒకడాయిక్ ఆమ్లముచే అణగును, అన్నియు కాదు. అందుచేత ఈజీటీఏతో కాల్షియమును బంధించిన నాళికను ప్రక్కన నుంచి, దాని రంగును మొత్తమునుండి తీసివేయగా మిగిలినదే కాల్సిన్యూరిన్ వంతు. ఈ తీసివేతను చూపని పటము ఎంత సొగసుగా గీసినదైనను, నేను రెండవమాఱు చూడను.