కొరుకుడుపడని సినిమా, అవార్డు, ప్రేక్షకుని తీర్పు

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• అవార్డు అంటే ఏమిటో, అది దేనికి కొలమానం కాదో వివరించగలుగుతారు.
• సినిమాలోని కష్టం అవసరమైనదా, అలంకారప్రాయమైనదా అని వేరుచేసి చూడగలుగుతారు.
• మీకు నచ్చని ప్రసిద్ధ చిత్రం గురించి కూడా కారణాలతో రాయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో ఒక ఆదివారం సంపర్క తరగతిలో 'దాసి' సినిమా గురించి చెబుతున్నాను. స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు ముగించుకొని నేరుగా తరగతికి వచ్చిన ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఏమనుకోవద్దు. ఈ సినిమా చూస్తూ రెండుసార్లు నిద్రపోయాను. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయంటున్నారు. తప్పు నాదా, సినిమాదా?" అని అడిగాడు.

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇరవై రెండేళ్ల వయసులో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' చూసి, సగం బోధపడకపోయినా బయటికి వచ్చి "అద్భుతం" అన్నవాణ్ణి నేను. ఆ విద్యార్థి నాకంటే నిజాయితీపరుడు.

అతని ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఇలాంటి సినిమా ముందు మనలో చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. "నాకు అర్థం కాలేదంటే నా చదువు చాలదు" అని తల వంచుకోవడం ఒకటి. "ఈ విమర్శకులంతా గొప్పకోసం పొగుడుతారు" అని కొట్టిపారేయడం మరొకటి. ఈ రెంటిలోనూ సినిమాను చూసే పని తప్పిపోతుంది. మొదటివారు తమ తీర్పును ఇతరులకు అప్పగిస్తారు. రెండోవారు అసలు తీర్పు జోలికే పోరు.

2. అవార్డు ఏం చెబుతుంది?

జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నంది అవార్డులను ప్రారంభించింది. ఏ అవార్డైనా ఒక ఏడాదిలో, తమ ముందుకు వచ్చిన చిత్రాల్లోంచి, కొద్దిమంది సభ్యులు కలిసి చేసే ఎంపిక. పోటీకి రాని సినిమా ఎంత గొప్పదైనా దాని పరిధిలో ఉండదు. సభ్యులు మారితే అభిరుచి మారుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2014 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం చైతన్య తమ్హానే తీసిన 'కోర్ట్'. అది ఒక జానపద గాయకుని మీద సాగే విచారణను నిదానంగా, దూరంనుంచి చూపే చిత్రం. మరుసటి ఏడాది, 2015కు, అదే స్వర్ణకమలం రాజమౌళి 'బాహుబలి: ది బిగినింగ్'కు దక్కింది. ఒక తెలుగు చిత్రం ఆ గౌరవం పొందడం అదే మొదలు. మనం సంతోషించాం, కొందరు పెదవి విరిచారు. ఈ రెండు చిత్రాలనూ ఒకే తక్కెడలో తూచడం సాధ్యమా? 'ఉత్తమ' అనే మాట ఒకటే. దాని అర్థం ఏడాదిలో మారిపోయింది.

నిజానికి ఈ పురస్కారాల్లోనే రెండు కొలబద్దలు ఉన్నాయి. 1979 సంవత్సరపు పురస్కారాల్లో 'శంకరాభరణం'కు వచ్చింది ఉత్తమ చిత్రం బహుమతి కాదు, ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చే ప్రజాదరణ చిత్రం బహుమతి. దాంతోపాటు సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పురస్కారాలు పొందారు. అందుచేత "అవార్డు వచ్చింది" అన్న మాట చాలదు. ఏ విభాగంలో వచ్చిందో కూడా చూడాలి.

'దాసి' విషయంలో ఈ అలవాటు ఉపయోగపడుతుంది. బి. నర్సింగరావు దర్శకత్వం వహించిన ఈ 1988 చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రం బహుమతితోపాటు నటనకు అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి వైకుంఠం, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్ పురస్కారాలు అందుకున్నారు. ఈ నాలుగూ కంటికి కనిపించే వాటికి వచ్చినవే. అంటే ఈ సినిమాను వినడంకంటే చూడడం ముఖ్యమని ఆ జాబితాయే మనకు సూచన ఇస్తోంది.

3. నారికేళపాకం: మన కొలబద్ద

కష్టమైన కళను గురించి మన అలంకారికులు ఏనాడో ఆలోచించారు. కావ్యాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించారు. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు. అరటిపండుకు తొక్క ఒలవాలి. కొబ్బరికాయకు పీచు తీసి, టెంక పగలగొట్టాలి. ఇందులో గమనించవలసింది ఒకటుంది. కొబ్బరికాయ గట్టిగా ఉంది కాబట్టి గొప్పదని ఎవరూ అనలేదు. లోపల నీళ్లూ కొబ్బరీ ఉన్నాయి కాబట్టి కొట్టే శ్రమకు విలువ వచ్చింది. లోపల కుళ్లిన కాయ టెంక కూడా గట్టిగానే ఉంటుంది.

కాబట్టి కొరుకుడుపడని సినిమాను రెండు ప్రశ్నలు అడగండి. ఈ కష్టం తీసేస్తే సినిమా చెప్పే విషయం చెడుతుందా? శ్రమపడి చూసినందుకు లోపల ఏమైనా దొరికిందా? రెంటికీ "అవును" అంటే ప్రశంస న్యాయమైనదే. మొదటిదానికి "కాదు" అంటే ఆ కష్టం అలంకారం మాత్రమే.

4. 'దాసి'కి అన్వయం

కథ 1920ల నాటి తెలంగాణలో, ఒక దొర గడీలో జరుగుతుంది. కమలాక్షి అక్కడి దాసి. ఆమె శ్రమ మీద, ఆమె శరీరం మీద అధికారం దొరదే. గర్భవతి అయితే, ఆ బిడ్డను ఉంచుకోవాలో వద్దో నిర్ణయించేదీ ఆమె కాదు.

ఈ కథను వేగంగా, కన్నీళ్ల సంభాషణలతో తీయవచ్చు. అలా తీస్తే ఏం పోతుంది? మాట్లాడే హక్కే లేని మనిషి నోట మాటలు పెట్టినట్టవుతుంది. సినిమాలోని మౌనం కమలాక్షి మౌనమే. నిదానంగా సాగే దృశ్యాలు ఆమె రోజులు గడిచే తీరు. నీళ్లు మోయడం, ఊడవడం, పిలుపు కోసం ఎదురుచూడడం పదే పదే చూసి మనకు విసుగు పుడుతుంది. ఆ విసుగులోంచి ఆమె బతుకు ఇంతే కదా అన్న ఎరుక పుడుతుంది. ఇక్కడ కష్టం అవసరమైనదే.

అయితే లోపమే లేదని నేను అనను. గడీ వాస్తును, వెలుగునీడలను కెమెరా అంత అందంగా చూపడంవల్ల కొన్నిచోట్ల బాధ బొమ్మగా మారుతుంది. అవార్డు వచ్చిన చిత్రం కాబట్టి ఈ మాట అనకూడదనుకుంటే అది విమర్శ కాదు.

5. 'కేరాఫ్ కంచరపాలెం'కు అన్వయం

(ఈ చిత్రం చూడనివారు చూశాక ఈ భాగం చదవండి.)

మన విశాఖ పేటలోనే, ఎక్కువగా అక్కడివారితోనే వెంకటేష్ మహా తీసిన ఈ చిత్రం 2018 సెప్టెంబరులో విడుదలైంది. ఆ ఏడాది జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం బహుమతి 'మహానటి'కి వచ్చింది. అవార్డు లేకపోయినా దీన్ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, జనమూ చూశారు.

ఇది పైకి అరటిపండు. బడి పిల్లవాడు సుందరం, కుర్రవాడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, నలభై తొమ్మిదేళ్ల అటెండరు రాజు, వీళ్ల నాలుగు ప్రేమకథలు హాయిగా సాగుతాయి. చివరికి ఆ నలుగురూ ఒక్కరేనని తెలుస్తుంది. అప్పుడు మనం చూసినదంతా మళ్లీ పేర్చుకోవాలి. టెంక చివరిలో ఉన్న కొబ్బరికాయ ఇది! ఈ చమత్కారం ఊరికే పెట్టింది కాదు. మతం, కులం, పేరు మారినా మనిషి ఒకడే అన్న మాటను అది కథ నిర్మాణంలోనే చెబుతుంది.

ప్రశంసల్లో ఎక్కువగా వినిపించిన మాట 'సహజత్వం'. కొత్త ముఖాలు, మన యాస, మన వీధులు ఉంటే చాలా? ఒక ప్రశ్న మిగిలింది. సునీతను తండ్రి దూరం చేస్తాడు, భార్గవి తండ్రి మాటకు లొంగుతుంది, సలీమా ప్రాణమే పోతుంది. ముగ్గురు స్త్రీల నష్టం ఒక పురుషుని వ్యక్తిత్వానికి మెట్లయింది. రాధ ఒక్కతే తన నిర్ణయం తాను తీసుకుంటుంది. ఈ చిత్రాన్ని నేను ఇష్టపడతాను, అయినా ఈ ప్రశ్న వదలను.

6. కాలం చేసే తీర్పు

1960లో కాన్ ఉత్సవంలో అంతోనియోని 'లావెంచురా'ను ప్రేక్షకులు గేలిచేశారు. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. రెండేళ్లకే ప్రపంచ విమర్శకుల అభిప్రాయ సేకరణలో అది రెండోస్థానంలో నిలిచింది. గేలిని చూసి సినిమాను వదిలేయకూడదని దీనివల్ల తెలుస్తుంది. గేలిచేసిన ప్రతి సినిమా గొప్పదని మాత్రం తెలియదు.

7. సారాంశం

అవార్డు ఒక సిఫారసు ఉత్తరం లాంటిది. చదవాలి, కానీ మనిషిని చూడకుండా ఉద్యోగం ఇవ్వకూడదు. కష్టం దానికదే గుణమూ కాదు, దోషమూ కాదు. అది దేనికోసమో అడగాలి.

ఆ విద్యార్థికి నేనిచ్చిన జవాబు ఇది: "నైట్ షిఫ్టు చేసినవాడికి నిద్ర రావడం తప్పు కాదు బాబూ. సెలవురోజున మరోసారి చూడు. అప్పుడూ నిద్ర వస్తే, ఏ దృశ్యం దగ్గర వచ్చిందో, ఎందుకు వచ్చిందో రాసి పట్రా. దానికి మార్కులు వేస్తాను." మీకూ అదే చెబుతున్నాను.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'అవార్డు ఏ విభాగంలో వచ్చిందో చూడాలి' అనడానికి 'శంకరాభరణం', 'దాసి' ఎలా ఉదాహరణలవుతాయి?
2. నారికేళపాకం అనే భావనను సినిమాకు అన్వయించి పది పంక్తులు రాయండి.
3. అందరూ మెచ్చుకున్నా మీకు నచ్చని ఒక చిత్రాన్ని ఎంచుకోండి. ఒక దృశ్యం ఆధారంగా కారణాలు చూపండి. "బోరు కొట్టింది" అన్న మాట వాడకుండా రాయండి.