చేతిని చూపే అయిదు గీతలు

బ్యాంజో సంగీతాన్ని రాసే ట్యాబ్ అనే లిపిలో అయిదు అడ్డగీతలుంటాయి. పైగీత ఒకటో తీగకు, అడుగుగీత అయిదో తీగకు గుర్తు. పియానోకో వయొలిన్‌కో వాడే స్టాఫ్ నొటేషన్ ఎరిగినవాళ్లు ఇక్కడే మొదట తికమకపడతారు. అక్కడ పైకి పోయేకొద్దీ స్వరం హెచ్చుతుంది. ఇక్కడేమో అట్టడుగు గీత మీదున్న తీగే అన్నిటికన్నా హెచ్చు స్థాయిలో పలుకుతుంది. మన దగ్గర ఖవ్వాలీ మేళాల్లో మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్‌ను కూడా బ్యాంజో అనే అంటారు గానీ, ఈ మాట దాని గురించి కాదు. బానిసలుగా అట్లాంటిక్ దాటించిన పశ్చిమాఫ్రికా జనం చేతుల్లో పుట్టి, అమెరికా దక్షిణాది కొండపల్లెల్లో స్థిరపడ్డ అయిదు తీగల తోలుముఖం వాద్యం గురించి. దాని అయిదో తీగ పొట్టిది. బిరడా మెడ చివర కాకుండా అయిదో మెట్టు పక్కన ఉంటుంది. సెనెగాంబియాలో జోలా ప్రజలు వాయించే అకొంటింగ్‌కు కూడా బొటనవేలితో మీటే పొట్టి తీగ ఒకటుంది. ఎక్కువమంది వాడే ఓపెన్ జి శ్రుతిలో నాలుగో తీగ డి, మూడోది జి, రెండోది బి, ఒకటోది పై స్థాయి డి, అయిదోది దానికీ పైన జి. కాబట్టి ట్యాబ్‌లోని గీతల వరసను స్వరాల వరసగా చదివితే అర్థం కాదు, వాద్యం మీది తీగల వరసగా చదవాలి. వినిపించే ధ్వనికి బదులు వినిపింపజేసే చేతిని కాగితం మీద పెట్టే లిపి ఇది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది ఊతకర్ర అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నా లెక్కలో మాత్రం ఈ వాద్యానికి ఇదే సహజమైన లిపి. చిక్కల్లా దాన్ని చదివే తీరులో ఉంది.

గీత మీద అంకె ఉంటే ఆ తీగను ఆ మెట్టు దగ్గర నొక్కాలి, సున్నా ఉంటే వట్టి తీగనే మీటాలి. పది నిమిషాల్లో ఒంటబట్టే సంగతి. ఇంత సులువైన దానికి ప్రత్యేక లిపి ఎందుకంటే, బ్యాంజో మీద ఒకే స్వరానికి చాలా ఇళ్లున్నాయి. ఒకటో తీగను వట్టిగా మీటితే వచ్చే డి, రెండో తీగ మూడో మెట్టులోనూ ఉంది, మూడో తీగ ఏడో మెట్టులోనూ ఉంది. స్టాఫ్ నొటేషన్ ఈ మూడింటికీ ఒకే చుక్క పెడుతుంది. తోలు మీద మోగే నాదం పుట్టినంత వేగంగా చచ్చిపోతుంది. అందుకే వాద్యకారుడు నాదాన్ని సాగదీసే బదులు, ఒక తీగ మోగుతుండగానే మరో తీగను మీటుతూ స్వరాల జల్లు కురిపిస్తాడు. ఆ జల్లులో ఏ డి ఏ తీగ మీదిదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పని లిపి ఎంత శాస్త్రీయమైనదైనా ఇక్కడ సగం మూగదే.

అయితే కొత్తవాళ్లు సాధారణంగా అంకెల వెంట పడతారు. అంకెలు ఎడమచేతివి. బ్యాంజో ప్రాణం కుడిచేతిలో ఉంటుంది. చాలా ట్యాబుల్లో గీతల కింద చిన్న అక్షరాలుంటాయి: బొటనవేలికి టి, చూపుడువేలికి ఐ, మధ్యవేలికి ఎం. ఈ వేళ్లు ఒక క్రమంలో తిరగడాన్ని రోల్ అంటారు. 3-2-5-1-4-2-5-1 అనే తీగల వరసను టి-ఐ-టి-ఎం, టి-ఐ-టి-ఎం అని మీటితే ఒక రోల్. బొటనవేలు విడిచి విడిచి ఒక్కో తీగ మీద వాలుతుంటుంది, అయిదో తీగ మాటిమాటికీ శ్రుతిపెట్టెలా పలుకుతుంది. టి-ఐ-ఎం, టి-ఐ-ఎం, టి-ఎం అంటే ఫార్వర్డ్ రోల్. ఇందులో ఎనిమిది మాత్రల గడి 3, 3, 2గా విరుగుతుంది. పాదం నాలుగు దెబ్బలు సమంగా వేస్తుంటే వేళ్లు మూడేసి లెక్కపెడుతుంటాయి. బ్లూగ్రాస్ సంగీతాన్ని ముందుకు తోసే ఊపు ఈ పేచీలోనే ఉంది. అంకెలు మాత్రమే చదివినవాడికి ఇదేమీ కనిపించదు. చేతికందిన వేలితో మీటుతాడు, నెమ్మదిగా ఉన్నంతసేపూ సరిగ్గానే వినిపిస్తుంది, వేగం పెంచగానే వేలికి వేలు అడ్డం పడుతుంది.

అంకెల ట్యాబ్‌కు వయసు చాలానే ఉంది. వెనిస్‌లో ముద్రాపకుడు పెట్రుచి 1507లోనే స్పినచీనో ల్యూట్ సంగీతాన్ని ఇలాంటి లిపిలో అచ్చువేశాడు. ఆ ఇటాలియన్ పద్ధతిలో పైగీత మంద్ర తీగది, బ్యాంజో ట్యాబ్‌కు సరిగ్గా తలకిందులు. అయిదు తీగల బ్యాంజోకు దీన్ని జనంలోకి తెచ్చినవాళ్లలో గాయకుడు పీట్ సీగర్ ముఖ్యుడు. ఆయన 1948లో సొంతంగా వేసుకున్న పాఠ్యపుస్తకంలో ట్యాబ్ వాడాడు. ఇక మూడు వేళ్ల వాయింపును ప్రపంచానికి వినిపించిన ఎర్ల్ స్క్రగ్స్ కాగితం చూసి నేర్చుకున్నవాడు కాదు. ఉత్తర కరొలైనా ఇళ్లలో, ఇరుగుపొరుగుల్లో విని నేర్చుకున్నాడు. 1968లో ఆయన పేరుతో వచ్చిన పుస్తకంలోని ట్యాబుల వెనక బ్యాంజో వాద్యకారుడు బిల్ కీత్ శ్రమ ఉంది. ఆ తరం వాళ్లు స్క్రగ్స్ రికార్డులను సగం వేగంతో తిప్పి వినేవాళ్లు. వేగం సగమైతే సంగీతం సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది, శ్రుతి చెడదు. అలా ఒక్కో స్వరం పట్టుకుని, అది ఏ తీగదో తేల్చి రాసుకున్నారు. అంటే ఈ ట్యాబులు పుట్టిందే చెవిలోంచి.

ట్యాబ్ చెవిని బద్ధకపరుస్తుందనే వాళ్లకు నా మొదటి జవాబు ఇదే. అయినా ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. ట్యాబ్‌లో పాట స్వరాలూ, మధ్యలో నింపిన స్వరాలూ ఒకే సైజు అంకెలు. ఎనిమిదింటిలో పాట మూడు చోట్లే ఉండొచ్చు. అన్నిటినీ ఒకే బలంతో మీటితే తప్పు ఒక్కటీ లేకుండానే పాట మాయమవుతుంది. ఏది ఒత్తి పలకాలో చెవే చెప్పాలి. ఈ లోటు ట్యాబ్‌ది మాత్రమే అనుకుంటే పొరపాటు. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాలకు తోడు గమకాలకు కూడా గుర్తులు పెట్టారు. జారు, నొక్కు లాంటి వాటికి వేర్వేరు చిహ్నాలున్నాయి. అంత శ్రద్ధగా రాసిన లిపిని కూడా కృతి వినని మనిషి చేతిలో పెడితే రాగం పలకదు. ట్యాబ్ చూస్తే లయ తెలియదనే మరో ఆక్షేపణ కంప్యూటర్‌లో గీతలూ అంకెలూ టైపు చేసిన చవక ట్యాబులకు వర్తిస్తుంది. అచ్చు పుస్తకాల్లో అంకెల కింద కాడలు, వాటిని కలిపే పట్టీలు ఉంటాయి, కాలప్రమాణం వాటిలోనే ఉంది. ఇతర వాద్యకారులకు ఇది చదవరాదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. ఫిడిల్ వాయించేవాడికి బ్యాంజో ట్యాబ్ ఇస్తే ఏం చేసుకుంటాడు? కానీ బ్లూగ్రాస్ సంప్రదాయంలో వాళ్లు కాగితాలు ఇచ్చిపుచ్చుకోరు. వలయంగా కూర్చుని శ్రుతి పేరూ పాట పేరూ చెప్పుకుని మొదలుపెడతారు.

చదవబోయే ముందు ట్యాబ్ తలకట్టు చూడండి. శ్రుతి అక్కడే రాసి ఉంటుంది. ఓపెన్ జి కోసం రాసిన అంకెలను డబుల్ సి శ్రుతిలో వాయిస్తే అంతా గందరగోళమే. క్లాహ్యామర్ కోసం రాసిందా, మూడు వేళ్ల పద్ధతిదా అన్నదీ చూసుకోండి. క్లాహ్యామర్‌లో గోటితో తీగను కిందికి కొడతారు, గీతలూ అంకెలూ మాత్రం రెండింటికీ ఒకేలా ఉంటాయి. మొదటి వారం ఎడమచేతిని పక్కన పెట్టి, అంకెలన్నీ సున్నాలే అనుకుని, కింది అక్షరాలను మాత్రమే చదువుతూ రోల్ తిప్పండి. అంకెల సంగతి రెండో వారం చూడొచ్చు.